సన్నటి బిజినెస్ ల్యాప్‌టాప్‌లో డబ్బు దేనికి పెట్టాలి? ఎంఎస్‌కు వెళ్తున్న సివిల్ విద్యార్థిని కోసం

మాస్టారూ, నమస్కారం. ముందు మీరు అడిగినది నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీది ఖమ్మం. మీ అమ్మాయి సివిల్‌లో బీటెక్ పూర్తి చేసి, ఈ ఆగస్టులో టెక్సస్‌లో నీటి వనరుల విభాగంలో ఎంఎస్‌లో చేరుతోంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు నది వరదై ఊరి మీదికి వచ్చిన రోజు తను చూసినదే ఈ చదువు వైపు నడిపించిందని రాశారు. ఆమెకు తేలిగ్గా ఉండే బిజినెస్ ల్యాప్‌టాప్ కావాలి. షాపులో రెండు కొటేషన్లు ఇచ్చారు. మొదటిది లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్: ఇంటెల్ అల్ట్రా 7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే మెమరీ), 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవు), ఓలెడ్ టచ్ స్క్రీన్, ఏడాది వారంటీ. రెండోది గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. సివిల్ వాళ్లకు ఇదే కావాలని షాపతను గట్టిగా చెప్పాడు. మీ బడ్జెట్ 1,30,000, అదీ ఎడ్యుకేషన్ లోన్‌లోంచి. మొదటి కొటేషన్ బడ్జెట్ దాటిపోయింది, రెండోది బరువని అమ్మాయి వద్దంటోంది. ఏం చేయాలని అడిగారు.

నాది గుంటూరు జిల్లా. ఎంఎస్‌కని అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. తొమ్మిదేళ్లుగా ఒక యూనివర్సిటీ సివిల్ విభాగంలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ప్రతి ఆగస్టులో కొత్త పిల్లలు ల్యాప్‌టాప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి "ఇందులో ఇది నడుస్తుందా అన్నా" అని అడుగుతారు. అందులో సగం మంది మన తెలుగు పిల్లలే. మీ రెండు కొటేషన్లూ వద్దనే చెబుతాను. కారణం బ్రాండు కాదు, డబ్బు పోయిన చోటు. తర్వాత మార్చుకోలేని వాటి మీద ముందు ఖర్చు పెట్టాలి, మార్చుకోగలిగినవాటికి తర్వాత చూసుకోవచ్చు. మీ మొదటి కొటేషన్ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. ర్యామ్ దగ్గర, వారంటీ దగ్గర పొదుపు చేసి, ప్రాసెసర్‌కూ ఎస్‌ఎస్‌డీకీ తళతళలాడే స్క్రీన్‌కూ డబ్బు పోశారు.

ముందు ఆమె చేయబోయే పని చూద్దాం, ఎందుకంటే డేటా సైన్స్‌కు వెళ్లే పిల్లలకు ఇచ్చే సలహా ఆమెకు పనికిరాదు. నీటి వనరుల విద్యార్థి రెండేళ్లూ ఎక్కువగా వాడేవి రెండు సాఫ్ట్‌వేర్లు. ఒకటి ఆర్క్‌జీఐఎస్ ప్రో, మ్యాపుల పని. రెండోది హెచ్‌ఈసీ-రాస్, అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్లు కాలిఫోర్నియాలోని డేవిస్ కేంద్రంలో తయారుచేసి ఉచితంగా ఇచ్చేది. నదిలో ఇంత నీరు వస్తే ఏ వీధిలో ఎంత లోతు నిలుస్తుందో లెక్కగట్టేది అదే. 2017 ఆగస్టులో హార్వే తుఫాను టెక్సస్‌లో కొన్నిచోట్ల 60 అంగుళాలకు పైగా వాన కురిపించింది. అప్పటి నుంచి ఇక్కడి వరద క్లాసుల్లో హ్యూస్టన్ ఉదాహరణ లేకుండా సెమిస్టర్ గడవదు. రేపు మీ అమ్మాయి మున్నేరును మోడల్ చేయాలనుకున్నా ఇదే సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది.

ఈ రెండిటివల్ల కొన్ని నిర్ణయాలు వాటంతట అవే జరిగిపోతాయి. ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్ మీదే నడుస్తుంది, అది కూడా ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీదే. ఏఆర్‌ఎం రకం చిప్‌లకు (ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో, స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లలో ఉండేవి ఇవే) దాని తయారీదారు సపోర్ట్ ఇవ్వడం లేదు. కాబట్టి మ్యాక్‌బుక్ ఎయిర్ ఎంత తేలికైనా, ఎంత బాగున్నా ఈమెకు వద్దు. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లూ వద్దు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నేను తర్వాత చెప్పబోయే థింక్‌ప్యాడ్ టీ14ఎస్ ఆరో తరం ఇంటెల్‌తో, ఏఎండీతో, స్నాప్‌డ్రాగన్‌తో మూడు రకాలుగా వస్తుంది. బయట నుంచి చూస్తే మూడూ ఒకటే. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని షాపులో స్నాప్‌డ్రాగన్ చూపిస్తారు. ఆ మాట నిజమే, కానీ ఆమె సాఫ్ట్‌వేర్‌కు అది పనికిరాదు. కొటేషన్‌లో ప్రాసెసర్ పేరు పూర్తిగా రాయించుకోండి.

ఇప్పుడు ర్యామ్ గురించి. నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

నేను 2013లో ఎంఎస్‌కు వచ్చేటప్పుడు నాన్న పొలం కౌలు డబ్బులతో ఒక సన్నటి ల్యాప్‌టాప్ కొనిచ్చారు. ఐ5 ప్రాసెసర్‌తో 8 జీబీ తీసుకోవచ్చు, ఐ7తో 4 జీబీ తీసుకోవచ్చు, రెండూ దాదాపు ఒకే ధర. ఐ7 అంటే గొప్ప అనుకుని అదే తీసుకున్నాను. ర్యామ్ తర్వాత వేసుకోవచ్చులే అన్నాడు అమ్మినతను. ఇక్కడికి వచ్చాక రెండో సెమిస్టర్‌లో విప్పి చూపిస్తే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, వేసుకోవడానికి స్లాటే లేదు. మ్యాప్ తెరిస్తే మెషిన్ నిమిషాల తరబడి బిగుసుకుపోయేది. మిగిలిన ఏడాదిన్నర రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చుని, ఆఖరి బస్సు పట్టుకుని రూముకు వెళ్లేవాణ్ణి. ఆ ఐ7 ఒక్క రోజు కూడా నన్ను ఆదుకోలేదు. కొత్తగా వచ్చే పిల్లలకు ర్యామ్ గురించి విసిగించేంతగా చెబుతానంటే ఆ రాత్రులే కారణం.

ఇప్పటికీ పరిస్థితి అలాగే ఉంది. ఎక్స్1 కార్బన్‌లో, టీ14ఎస్‌లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి వస్తుంది. కొన్న రోజు ఎంత ఉంటే చివరి రోజు కూడా అంతే. ఇంటెల్ చిప్‌లలో పేరు చివర వి ఉన్నవాటిలో, అంటే 226వి, 258వి లాంటివాటిలో, ర్యామ్ ప్రాసెసర్‌తో పాటు ఒకే ప్యాకేజీలో ఉంటుంది. వాటికి ఒక సులువైన గుర్తు ఉంది: 226, 236, 256 ఇలా అంకె 6తో ముగిస్తే 16 జీబీ, 228, 238, 258 ఇలా 8తో ముగిస్తే 32 జీబీ. షాపులో ఏం చెప్పినా ఈ అంకె చూస్తే అసలు విషయం తెలిసిపోతుంది.

16 చాలదా అంటే, మామూలు చదువుకు చాలు. వ్యాసాలు చదవడం, రాయడం, కాస్త పైథాన్, జూమ్ క్లాసులు, వీటన్నిటికీ 16 జీబీ బాగానే సరిపోతుంది. మీ అమ్మాయి ఎంబీఏకో పబ్లిక్ పాలసీకో వెళ్తుంటే 16 తీసుకోండని నేనే చెప్పేవాణ్ణి. కానీ ఆర్క్‌జీఐఎస్ ప్రోకు కనీసం 8 జీబీ కావాలని, 32 జీబీ ఉంటే మంచిదని దాని తయారీదారే చెబుతున్నారు. ఒక పక్క మ్యాపు, ఇంకో పక్క వరద మోడల్, వెనకాల బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, ప్రొఫెసర్‌తో వీడియో కాల్, ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉంచడం ఇక్కడి పిల్లలకు రోజూ ఉండేదే. ర్యామ్ నిండితే విండోస్ ఎస్‌ఎస్‌డీని ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన ప్రాసెసర్ ఉన్నా అది కాచుకుని కూర్చోవాల్సిందే. కాబట్టి 32 జీబీ. దీని మీద బేరం లేదు. ఇంకేదైనా తగ్గించుకుందాం.

64 అవసరం లేదు. అంత పెద్ద మోడళ్లు ల్యాప్‌టాప్ మీద నడిపే పనులు కావు.

ప్రాసెసర్ దగ్గరికి వస్తే మన వాళ్లందరికీ 5 చిన్నది, 7 పెద్దది అన్న లెక్క బలంగా ఉంటుంది. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఆ అంకె కన్నా చివరి అక్షరం ముఖ్యం. ఇంటెల్‌లో యు అంటే తక్కువ విద్యుత్తుతో నడిచేది, సుమారు 15 వాట్ల లెక్క. హెచ్ అంటే 28 వాట్లు. వి అంటే 17 వాట్లు, బ్యాటరీ బాగా ఆదా చేసేది. వరద మోడల్ లెక్కలు గంటల తరబడి నడుస్తాయి, అందుకని షాపతను పెద్ద ప్రాసెసర్ చూపించడం సహజమే. కానీ కిలో బరువున్న మెషిన్‌లో ఫ్యాను చిన్నది, వేడి బయటికి పోయే దారి తక్కువ. అల్ట్రా 7 మొదటి రెండు మూడు నిమిషాలు పరుగెత్తి, వేడెక్కగానే వేగం తగ్గించుకుంటుంది. నాలుగు గంటల రన్‌లో అల్ట్రా 5 హెచ్‌కూ అల్ట్రా 7 హెచ్‌కూ ఉండే తేడా ఆమె చదువును మార్చేంత ఉండదు. పైగా అంత పెద్ద రన్‌లు ఎవరూ తమ ల్యాప్‌టాప్ మీద పెట్టుకోరు. ల్యాబ్‌లో పెద్ద డెస్క్‌టాప్‌లు ఉంటాయి, రూములో కూర్చుని రిమోట్‌గా వాటికి కనెక్ట్ అయి రన్ పెట్టి, పడుకుని, పొద్దున్నే ఫలితం చూసుకుంటారు. ల్యాప్‌టాప్ మీద జరిగేది మోడల్ తయారుచేయడం, చిన్న చిన్న రన్‌లతో సరిచూసుకోవడం, మ్యాపులు గీయడం, రాయడం. దానికి అల్ట్రా 5 హెచ్ గానీ, ఎనిమిది కోర్ల (లెక్కలు చేసే భాగాల) ఏఎండీ రైజెన్ గానీ నిండుగా సరిపోతాయి. నన్నడిగితే ఏఎండీ వైపే కాస్త మొగ్గు, తక్కువ ధరలో ఎక్కువ కోర్లు వస్తాయి. వీప్రో అనే మాట కనిపిస్తే అది కంపెనీల ఐటీ వాళ్లు మెషిన్లను దూరం నుంచి అదుపు చేసుకోవడానికి. ఆమెకు అక్కర్లేదు. ఏఐ స్టిక్కర్ చూసి కూడా డబ్బు ఎక్కువ పెట్టొద్దు.

గేమింగ్ ల్యాప్‌టాప్ గురించి షాపతను అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. ఆటోక్యాడ్‌లో, త్రీడీ మ్యాపుల్లో గ్రాఫిక్స్ కార్డు పని సాఫీగా చేస్తుంది, నిజమే. కానీ ఇప్పుడు అందరూ వాడే హెచ్‌ఈసీ-రాస్ ఆరో వెర్షన్‌లో లెక్కంతా ప్రాసెసర్ మీదే నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది. ఉపగ్రహ చిత్రాలతో డీప్ లెర్నింగ్ చేయాల్సి వస్తే ల్యాబ్ మెషిన్లున్నాయి, ఆన్‌లైన్‌లో గూగుల్ కంప్యూటర్లను వాడుకునే కోల్యాబ్ ఉంది. ఇప్పటి ప్రాసెసర్లలో ఉన్న గ్రాఫిక్స్‌తో క్లాసు పని జరిగిపోతుంది. ఇక బరువు. ఆ మెషిన్లు రెండుంబావు, రెండున్నర కిలోలు, పైన అర కిలో దాటే అడాప్టర్. ఆగస్టులో టెక్సస్ ఎండ మన రోహిణి కార్తెకు తీసిపోదు. ఆ ఎండలో బస్ స్టాప్ దాకా నడిచి, క్యాంపస్‌లో ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు తిరిగి, రాత్రి అదే బ్యాగుతో సరుకులు కూడా మోసుకొచ్చే పిల్ల తను. నెల తిరిగేసరికి ఆ ల్యాప్‌టాప్‌ను రూములోనే వదిలేసి నోట్‌బుక్‌తో క్లాసుకు వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. అమ్మాయి వద్దన్నది సరైన మాటే మాస్టారూ, ఆమె మాట వినండి.

స్క్రీన్ మార్చుకోలేనిదే, కాబట్టి దీని మీద కాస్త ఖర్చు పెట్టొచ్చు, కానీ ఓలెడ్ మీద కాదు. ఓలెడ్ చూడ్డానికి చాలా బాగుంటుంది. అయితే తెల్లటి పేజీలు చూపించేటప్పుడు బ్యాటరీ ఎక్కువ తాగుతుంది, రోజంతా చదివేవి, రాసేవి తెల్లటి పేజీలే. టచ్ ఉంటే స్క్రీన్ మీద మెరుపు, కొద్దిగా బరువు, ఇంకాస్త బ్యాటరీ ఖర్చు. ఆమెకు కావాల్సింది 14 అంగుళాల మామూలు ఐపీఎస్ స్క్రీన్, 1920 బై 1200, మెరుపు లేని మ్యాట్ రకం, 400 నిట్స్ వెలుగు. వీటితో పాటు ఒక్క మాట తప్పకుండా చూడండి: రంగుల దగ్గర 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉండాలి. బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో చవక కాన్ఫిగరేషన్‌కు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అనే, రంగులు తక్కువ చూపించే స్క్రీన్ పెడతారు. ఎక్సెల్ చూసుకునే ఆఫీసు వాళ్లకు అది చాలు. మ్యాపులు చేసే అమ్మాయికి అది నిజంగా ఇబ్బంది. వరద లోతు మ్యాపులో లేత నీలం, నీలం, ముదురు నీలం పక్కపక్కన ఉంటాయి. ఆ పాలిపోయిన స్క్రీన్ మీద మొదటి రెండూ ఒకటే అనిపిస్తాయి. మా విభాగంలో ఒకబ్బాయి థీసిస్ మ్యాపులన్నీ అలాంటి స్క్రీన్ మీద సరిచేసుకుని, ప్రింట్ చేశాక రంగులు వేరేగా కనిపించి మళ్లీ మొత్తం చేశాడు. ఈ రెండు స్క్రీన్ల మధ్య ధర తేడా తక్కువే, అడిగితేనే చెబుతారు.

ఎస్‌ఎస్‌డీ దగ్గర డబ్బు ఆదా చేయండి. 1 టీబీ బదులు 512 జీబీ తీసుకోండి. తెరిచి చూస్తే 476 అని కనిపిస్తుంది, మోసం కాదు, విండోస్ లెక్కపెట్టే తీరు వేరు. విండోస్, సాఫ్ట్‌వేర్లు పోను మొదటి ఏడాదికి సరిపడా మిగులుతుంది. లైడార్ డేటా (లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుల వివరాలు) దించుకోవడం మొదలుపెడితే నిండుతుంది, అప్పుడు ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనుక్కోవచ్చు. లేదా కింది మూత విప్పి లోపలిదే మార్చుకోవచ్చు. ఇలాంటి మెషిన్లలో ఎస్‌ఎస్‌డీ సోల్డర్ చేసి ఉండదు, కొన్ని స్క్రూలు విప్పితే మార్చుకోగలిగేదే. విప్పే ముందు బిట్‌లాకర్ (విండోస్ డ్రైవుకు వేసే తాళం) రికవరీ కీ ఎక్కడో రాసి పెట్టుకోవాలి, అది లేక డేటా పోగొట్టుకున్నవాళ్లను ఓదార్చడం నా పనిలో బాధాకరమైన భాగం.

ఇక మోడల్ విషయం. బడ్జెట్ చూస్తే ఎక్స్1 కార్బన్ 32 జీబీతో అందదు. 12వ తరం 1.09 కిలోలు, 13వ తరం కిలో కన్నా తక్కువ నుంచి మొదలవుతుంది, ఆ తేలికదనానికి కట్టేదే ఎక్కువ. నా మొదటి మొగ్గు టీ14ఎస్ వైపు. కీబోర్డు అంతే బాగుంటుంది, బరువులో తేడా ఒక చిన్న మంచినీళ్ల సీసాకన్నా తక్కువ, ధరలో తేడా చాలా. అదీ అందకపోతే టీ14. అది ఇంకాస్త మందం, బరువు 1.4 కిలోల దరిదాపుల్లో. కానీ దాని ఐదో తరంలో ర్యామ్‌కు రెండు స్లాట్లుంటాయి. ఇప్పుడు 16 జీబీ ఒకే స్టిక్‌గా వేయించుకుంటే రెండో స్లాటు ఖాళీగా ఉంటుంది, సెమిస్టర్ మధ్యలో ఇంకో 16 వేసుకోవచ్చు. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, తర్వాత చవకగా వేసుకోవచ్చన్న పాత లెక్క ఇప్పుడు సాగదు. ధర తేడా మరీ ఎక్కువ కాకపోతే 32 ఇప్పుడే వేయించండి. 8 జీబీలవి రెండు స్టిక్‌లు వేస్తానంటే మాత్రం వద్దనండి, రేపు పెంచాలంటే ఆ రెండూ తీసి పారేయాలి.

టీ14లో ఇంకో మెలిక బ్యాటరీ. ఐదో తరానికి 39.3 వాట్-అవర్, 52.5 వాట్-అవర్ అని రెండు సైజులున్నాయి. చవక కొటేషన్‌లో చిన్నదే ఉంటుంది, ఎక్కడా పెద్ద అక్షరాలతో రాయరు. పెద్దదే కావాలని రాయించండి. విమానంలో ఇబ్బందేమైనా ఉంటుందా అని టెన్షన్ పడొద్దు. 100 వాట్-అవర్ లోపు బ్యాటరీకి ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ను చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోమనండి.

థింక్‌ప్యాడే కావాలని లేదు. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 కూడా ఈ వరసలోదే. డెల్ లాటిట్యూడ్ 7000 శ్రేణి కూడా అంతే, ఆ పేరును 2025లో డెల్ ప్రో అని మార్చారు. నేను థింక్‌ప్యాడ్ గురించి ఎక్కువ చెప్పడానికి కారణం వాటిని నా చేతులతో వందసార్లు విప్పి బిగించాను. రిపేరు ఎలా చేయాలో చెప్పే మాన్యువల్ కంపెనీవాళ్లే అందరికీ అందుబాటులో పెడతారు, ఏ స్క్రూ ఎక్కడో బొమ్మతో సహా. మామూలు దుకాణపు ల్యాప్‌టాప్ కన్నా బిజినెస్ మెషిన్‌కు ఎక్కువ పెట్టేది దీనికోసమే. కీబోర్డు పాడైతే కీబోర్డు మార్చుకుంటాం, మెషిన్ మార్చం.

వారంటీ మీద పొదుపు చేయొద్దని ఇందాకే అన్నాను. చదువు రెండేళ్లు, తర్వాత ఓపీటీలో (చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) ఉద్యోగం వెతుక్కునే నెలలు. ఆ నెలలే అన్నిటికన్నా కష్టం, జేబులో డబ్బుండదు, ఇంటర్వ్యూలన్నీ ల్యాప్‌టాప్ మీదే. అప్పుడు మెషిన్ పాడైతే తట్టుకోవడం కష్టం. అందుకే మూడేళ్ల వారంటీ తీసుకోండి, దానితో పాటు ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి కవర్ కూడా. మామూలు వారంటీలో కాఫీ ఒలికితే ఏమీ రాదు. రెండేళ్ల కిందట మా దగ్గర ఒకమ్మాయి ఫైనల్స్ వారంలో గ్లాసు నీళ్లు కీబోర్డు మీద ఒలకబోసుకుంది. బోర్డు మార్చడానికి అడిగిన మొత్తం వినేసరికి ఇంట్లో చెప్పడానికి భయపడి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ కవర్ తీసుకుని ఉంటే అందులో చిన్న భాగంతో పోయేది. షాపులో "ఇంటర్నేషనల్ వారంటీ సార్" అని నోటితో చెబితే సరిపోదు. ఆ మోడల్ కోడ్‌కు అమెరికాలో సర్వీసు ఉందా, ఇంటికి వచ్చి చేస్తారా లేక పార్సిల్ పంపాలా, ప్రమాద కవర్ అక్కడ చెల్లుతుందా అన్న మూడు ప్రశ్నలకు కంపెనీ నుంచే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

ఇండియాలో కొనాలా, అమెరికాలో కొనాలా? మన దగ్గర ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ రాష్ట్రానిది 6.25 శాతం, ఊరి పన్ను కలిపి గరిష్ఠంగా 8.25. అది ధర మీద విడిగా పడుతుంది, వెబ్‌సైట్‌లో చూసిన ధరకు కలుపుకోవాలి. అక్కడ కంపెనీల విద్యార్థి స్టోర్లలో తగ్గింపు ఉంటుంది, కావాల్సిన కాన్ఫిగరేషన్ మనమే ఎంచుకోవచ్చు, వారంటీ అక్కడిదే కాబట్టి ఇందాకటి మూడు ప్రశ్నలూ ఉండవు. అన్నీ చూస్తే నేను అక్కడే కొనమంటాను, కానీ ఒక షరతు మీద: ఆమె బీటెక్‌లో వాడిన ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తూ ఉండాలి. దాన్ని పట్టుకెళ్లి మొదటి నెల గడిపేస్తే, డిపార్ట్‌మెంట్‌లో నిజంగా ఏం వాడుతున్నారో చూసి, బ్యాంకు ఖాతా తెరిచి, పార్సిల్ వచ్చే చిరునామా కుదిరాక తాపీగా కొనుక్కోవచ్చు. పాతది పనిచేయకపోతే ఇండియాలోనే కొని పంపండి. చేతిలో మెషిన్ లేకుండా మొదటి రెండు వారాలు గడపడం ఏ పొదుపుకూ తూగదు. అడాప్టర్ గురించి బెంగ వద్దు, దాని మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. గోడకు గుచ్చే తీగ ఒక్కటి అక్కడిది కొనుక్కుంటే చాలు.

మీరు మెసేజ్ చివర్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కంపెనీ ల్యాప్‌టాప్‌లు చవకగా దొరుకుతాయట, తీసుకోవచ్చా అని అడిగారు. ఇండియాలోనే ఉండి చదివే పిల్లలకైతే మంచి దారి, నేనే చాలామందికి చెబుతాను. దేశం దాటి వెళ్లే అమ్మాయికి మాత్రం వద్దు, షాపు ఇచ్చే ఆరు నెలల గ్యారంటీ అక్కడ కాగితం ముక్కే. ఎవరైనా కొంటే ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాతది తీసుకోకూడదు. విండోస్ 11 వాటికి అధికారికంగా రాదు, విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

చిన్నవి త్వరగా చెప్పేస్తాను. బిజినెస్ ల్యాప్‌టాప్ కొటేషన్‌లో డాస్ అని ఉంటే విండోస్ లేదని అర్థం, విండోస్ 11 హోమ్ ఉన్నది తీసుకోండి, ప్రో కోసం డబ్బు పెట్టొద్దు. హోమ్ నుంచి కూడా ల్యాబ్ మెషిన్‌కు రిమోట్‌గా కనెక్ట్ కావచ్చు. ఆఫీస్, మ్యాట్‌ల్యాబ్, ఆర్క్‌జీఐఎస్ లాంటివి చాలా యూనివర్సిటీలు విద్యార్థులకు ఉచితంగానే ఇస్తాయి, ముందే కొనొద్దు. ఫింగర్‌ప్రింట్ ఉంటే మంచిది. సిమ్ స్లాటు, పక్కవాళ్లకు కనిపించకుండా చేసే ప్రైవసీ స్క్రీన్ రెండూ వద్దు. ఛార్జింగ్ టైప్-సి ద్వారానే జరగాలి, అలాంటివి రెండు పోర్టులుండాలి. రూములో పెట్టుకోవడానికి 24 అంగుళాల మానిటర్ సీనియర్లు వెళ్లిపోతూ చవకగా అమ్ముతారు, దాన్ని ఇండియా నుంచి మోసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి.

లోన్ గురించి ఒక మాట. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా విద్యా రుణ పథకంలో చదువుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చు కూడా ఉంది. దానికి కొటేషన్ కాగితం అడుగుతారు. అందుకని షాపు నుంచి పైన చెప్పిన కాన్ఫిగరేషన్‌తో కొత్త కొటేషన్ తెప్పించుకోండి: ఏఎండీ రైజెన్ ఎనిమిది కోర్లు లేదా అల్ట్రా 5 హెచ్, 32 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 14 అంగుళాల 1920 బై 1200 ఐపీఎస్ 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ టచ్ లేనిది, పెద్ద బ్యాటరీ, విండోస్ 11 హోమ్, మూడేళ్ల వారంటీ ప్రమాద కవర్‌తో. మొత్తం బడ్జెట్ దాటితే ముందు ఎస్‌ఎస్‌డీని 256కు దించండి. తర్వాత టీ14ఎస్ నుంచి టీ14కు దిగండి. ర్యామ్, వారంటీ మాత్రం ముట్టుకోవద్దు.

ఈలోపు అమ్మాయి చేత డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు ఒక చిన్న మెయిల్ పెట్టించండి: విద్యార్థులకు కంప్యూటర్ సిఫార్సులు ఏమైనా ఉన్నాయా, ల్యాబ్ మెషిన్లకు బయటి నుంచి రిమోట్ యాక్సెస్ ఇస్తారా అని. రెండో ప్రశ్నకు అవునని జవాబు వస్తే ప్రాసెసర్ గురించి ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. కాదంటే ఏఎండీలో ఒక మెట్టు పైది చూద్దాం. ఆ జవాబు, కొత్త కొటేషన్ రెండూ వచ్చాక నాకు పంపండి మాస్టారూ, లైను లైనూ చూసి ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెబుతాను.